వంకర తోక, ముక్కు మీద కొమ్ము

1830లో హెన్రీ డి లా బెష్ అనే ఇంగ్లిష్ భూగర్భ శాస్త్రవేత్త నీటిరంగులతో ఒక బొమ్మ వేశాడు. దాని పేరు ‘డ్యూరియా ఆంటీక్వియర్’. శిలాజాల ఆధారంగా ప్రాచీన జీవలోకాన్ని కళ్లకు కట్టిన తొలి చిత్రాల్లో ఇదొకటి. ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్ తీరంలో శిలాజాలు ఏరి అమ్ముకుని బతికే మేరీ ఆనింగ్‌కు అప్పుడు చేతిలో డబ్బు ఆడటం లేదు. ఆమెకు సాయంగా ఈ బొమ్మను అచ్చు వేయించి అమ్మారు. అందులోని జంతువుల్లో చాలావాటిని రాళ్లలోంచి బయటికి తీసింది ఆమే మరి.

బొమ్మ నడుమ ఒక ఇక్తియోసార్ (చేపలాంటి ఒళ్లున్న ప్రాచీన సముద్ర సరీసృపం) ప్లీసియోసార్ (పొడవాటి మెడ ఉన్న మరో సముద్ర సరీసృపం) మెడను కరిచి పట్టుకుంది. దొరికిపోయిన ప్లీసియోసార్ బెదిరిపోయి నీళ్లలోనే పెంట వేసేస్తోంది! చూస్తే నవ్వొస్తుంది గానీ అది ఉత్త కొంటెతనం కాదు. రాయిగా మారిన పెంటను విలియం బక్‌లాండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అప్పటికే గుర్తించాడు. అందులో చేప పొలుసులు, ఎముకల ముక్కలు కనిపించేవి. ఏ జంతువు ఏం తినేదో చెప్పడానికి అంతకంటే నమ్మకమైన సాక్ష్యం ఏముంటుంది?

చిత్రకారుడు పొరబడింది ఇక్తియోసార్ తోక దగ్గర. మొసలి తోకలా తిన్నగా, కొసకు సన్నబడేలా గీశాడు. నిజానికి చాలా అస్థిపంజరాల్లో ఆ తోక ఒక చోట కిందికి వంగి ఉండేది. చచ్చాక విరిగిందిలే అనుకుని, బొమ్మల్లో సరిచేసేవారు. అన్నిటికీ ఒకే చోట ఎందుకు విరగాలి? 1838లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్తకు ఈ అనుమానం వచ్చింది. అక్కడ బరువైన తోకరెక్క ఉండి ఉంటుందన్నాడు. అయినా వంపు మాత్రం చచ్చాక వచ్చిందేనని ఆయనా అనుకున్నాడు. 1890లలో జర్మనీలోని హోల్జ్‌మాడెన్ పలకరాళ్లలో ఒంటి ఆకారం నల్లటి నీడలా అచ్చుపడిన శిలాజాలు బయటపడ్డాయి. నెలవంకలాంటి తోకరెక్క, దాని కింది కొమ్మలోకి వంగి దిగిన వెన్నెముక స్పష్టంగా కనిపించాయి. ఎముకలు మొదటినుంచీ ఉన్నమాటే చెప్పాయి, వినిపించుకోనిది మనుషులే.

ఇగ్వానోడాన్ అనే డైనోసార్ కథ దీనికి భిన్నం. అక్కడ అసలు ఎముకలే చాలలేదు. 1825లో గిడియన్ మాంటెల్ అనే ఇంగ్లిష్ వైద్యుడు పళ్లను చూసి దానికి పేరు పెట్టాడు. తర్వాత దొరికిన ఒక కోసుగా ఉన్న ఎముకను ఎక్కడ పెట్టాలో తెలియక, ఖడ్గమృగానికి ఉన్నట్టు ముక్కు మీద పెట్టేశాడు. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తోటలో పెట్టిన ఇగ్వానోడాన్ విగ్రహాలకూ ఆ కొమ్ము ఉంది, నేటికీ చూడొచ్చు. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గుగనిలో 300 మీటర్లకు పైగా లోతున ఇగ్వానోడాన్ అస్థిపంజరాలు గుట్టగా దొరికాయి. తీరా చూస్తే అది కొమ్ము కాదు, బొటనవేలి ముల్లు! లూయీ డోలో అనే శాస్త్రవేత్త దాన్ని సరైన చోట పెట్టాడు గానీ, జంతువును కంగారూలా నిటారుగా నిలబెట్టి కొత్త తప్పు చేశాడు.

ఇలా ఊహతో పూరించింది మనకు దగ్గర్లోనూ ఒకటుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికినవి. పుర్రె మాత్రం దొరకలేదు. పిల్లలు మెడలెత్తి ముందుగా చూసే ఆ తల ఊహించి చేసింది.