కరెంటు పోతే సోలార్ ఎందుకు ఆగుతుంది? మన ఇళ్ల ఇన్వర్టర్ల వెనక ఉన్న కథ

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇప్పుడు ఏ ఊరికి పోయినా డాబాల మీద సోలార్ ప్యానెళ్లు కనిపిస్తున్నాయి. వాటితో పాటే రెండు ఫిర్యాదులు కూడా వినిపిస్తున్నాయి. సబ్సిడీ మీద పెట్టించుకున్నవాళ్లు "సోలార్ ఉన్నా కరెంటు పోతే మాకూ చీకటే" అంటారు. బ్యాటరీతో పెట్టించుకున్నవాళ్లు "బ్యాటరీ గంట కూడా ఆగుతలేదు" అంటారు. చాలా ఇళ్లలో సామాను మంచిదే. లోపం ఎక్కడంటే, ఒక అవసరానికి తయారైన సామానును ఇంకో అవసరానికి వాడుతున్నాం, బిగించాక అది మన అవసరానికి సరిపోతుందో లేదో ఎవరూ పరీక్షించడం లేదు. ఇక్కడిదాకా ఎలా వచ్చామో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

కరెంటు తయారీలో ఈ ప్రాంతం ఎప్పుడూ వెనకబడి లేదు. నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. అందులో ఏడు యూనిట్లు రివర్సిబుల్‌వి, అంటే కిందికి వదిలిన నీళ్లను మళ్లీ పైకి తోడి, అవసరమైనప్పుడు దాంతోనే కరెంటు తీయొచ్చు. కృష్ణ మీదే ఎగువన జూరాల, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రాలున్నాయి. అయినా ఆ నది ఒడ్డున ఉన్న పల్లెలే ఏళ్ల తరబడి కోతల్లో బతికాయి. కాలువ నీళ్లు అందని ఊళ్లలో సాగంతా బోర్ల మీదే. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది కానీ ఇచ్చేది రోజుకు ఏడు గంటలే, అదీ విడతలు విడతలుగా. త్రీ ఫేజ్ రాత్రి వస్తే రాత్రే మోటారు వేయడానికి పోవాలి. అలా పోయి పాము కరిచో షాక్ కొట్టో ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు ఎందరో. ఇళ్లకూ కోతలు తప్పలేదు. 2012 నాటికి పరిశ్రమలకు పవర్ హాలిడేలు, అంటే కొన్ని రోజులు కరెంటే ఇవ్వకపోవడం, పెట్టే దాకా వచ్చింది.

మన ఇళ్లలోకి ఇన్వర్టర్ అడుగుపెట్టింది ఆ కాలంలోనే. నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ నుంచి మహబూబ్‌నగర్ న్యూటౌన్ దాకా బ్యాటరీ షాపులకు ఊపిరి సలపని రోజులవి. పిల్లల పరీక్షలప్పుడు కరెంటు పోతే తల్లిదండ్రులు పడే టెన్షన్ తీర్చిన వస్తువది, దాని విలువను తక్కువ చేయలేం. కానీ అది ఏ లెక్క మీద తయారైందో గుర్తుపెట్టుకోవాలి. కరెంటు రెండు మూడు గంటలు పోతుంది, మళ్లీ వస్తుంది, వచ్చాక బ్యాటరీని లైను నుంచే నింపుకోవచ్చు. ఇదే ఆ లెక్క. అందుకే వాటి బ్యాటరీల మీద సీ20 రేటింగ్ ఉంటుంది. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇస్తుందని. అంతకంటే గట్టిగా లాగితే అంత రాదు. సోలార్‌కని అమ్మే బ్యాటరీల మీద సీ10 అని ఉంటుంది, అంటే 15 ఆంపియర్లు 10 గంటలు. రెండింటి మీదా 150 అనే అంకెను పెద్దగా వేస్తారు, పక్కనున్న చిన్న అక్షరాలు చదివేవాళ్లు తక్కువ.

సోలార్ ఇంకో దారిలో వచ్చింది. 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ మొదలైంది. 2022 కల్లా 20,000 మెగావాట్లు దాని లక్ష్యం. 2015లో దాన్ని లక్ష మెగావాట్లకు పెంచి, అందులో 40,000 ఇళ్ల, ఆఫీసుల కప్పుల మీద నుంచే రావాలన్నారు. సబ్సిడీ మీద వచ్చే కప్పు మీది సోలార్‌ను గ్రిడ్‌కు, అంటే ఊరి కరెంటు లైనుకు, కలపడం పద్ధతి అయింది. పగలు మిగిలిన కరెంటు లైనుకు పోతుంది, రాత్రి లైను నుంచి తీసుకుంటాం, నెట్ మీటర్ లెక్క చూస్తుంది. బ్యాటరీతో పని లేదు.

ఇలా కలిపేటప్పుడు ఒక షరతు ఉంది. దీని మీద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో నిబంధనలు తెచ్చింది. లైనులో కరెంటు పోయిన వెంటనే ఇంటి సోలార్ ఇన్వర్టర్ కూడా లైనుకు కరెంటు పంపడం ఆపేయాలి. ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ తీసేసి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన డాబా నుంచి కరెంటు ఎదురొస్తే మనిషి పోతాడు. స్తంభాల మీద ప్రాణాలు పోయిన సంగతులు మన ఊళ్లకు కొత్త కాదు. కాబట్టి ఇలా లైనుకు కలిపిన ఆన్‌గ్రిడ్ సోలార్ ఎర్రటి ఎండలో కూడా లైనుతో పాటే ఆగిపోవడం ఒక మనిషి ప్రాణానికి కాపలా. బాధేమిటంటే, అమ్మేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు అరుదు.

తెలంగాణ వచ్చాక కోతలు తగ్గాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికీ 24 గంటల కరెంటు మొదలైంది. కరెంటు పోనప్పుడు బ్యాటరీ లేని సోలార్ సరైనదే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కూడా ఆ లెక్క మీదే నడుస్తుంది. కిలోవాట్‌కు 30,000 చొప్పున 2 కిలోవాట్ల దాకా, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 రూపాయలు మించకుండా సబ్సిడీ. బ్యాటరీకి పైసా లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలోని కొండారెడ్డిపల్లి, ముఖ్యమంత్రి సొంతూరు, ఊరు మొత్తం సోలార్‌కు మారిందీ గ్రిడ్ పద్ధతిలోనే.

అదే సమయంలో రాష్ట్రంలో గృహజ్యోతి వచ్చింది. అర్హులకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. బిల్లే రాని చిన్న ఇంటికి బిల్లు తగ్గించే సోలార్‌తో ఏం పని? ఆ ఇంటికి కావాల్సింది వేరే. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేచి స్తంభాలు ఒరిగితే, లైను బాగయ్యేదాకా రెండు ఫ్యాన్లు తిరగాలి. ఆ అవసరం సబ్సిడీలో లేదు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్ల తనిఖీలోనూ లేదు, వాళ్లు చూసేది మీటర్, ఎర్తింగ్, గ్రిడ్ భద్రత. బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుందో చూసే పని ఎవరిదీ కాకుండా పోయింది. షాపువాళ్లు పాత ఇన్వర్టర్‌కే ఒక ప్యానెల్, దాని నుంచి బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసే ఒక చార్జ్ కంట్రోలర్ తగిలించి పోతున్నారు.

దేవరకొండ దగ్గర మా మేనమామ ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. 330 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ. "ఎండ ఇంత కొడ్తుంది గదరా, ఇన్వర్టర్ సాయంత్రానికే కీకీమంటది ఎందుకు?" అని ఆయన బాధ. మధ్యాహ్నం ప్యానెల్ వైరుకు క్లాంప్ మీటర్ (వైరులో పారే కరెంటును కొలిచేది) పెట్టి చూస్తే 8.4 ఆంపియర్లు, బ్యాటరీ దగ్గర 13.2 వోల్టులు. గుణిస్తే 111 వాట్లు. ప్యానెల్ మీద రాసినదాంట్లో మూడో వంతు. ప్యానెల్‌ది ఏ తప్పూ లేదు. అది 37 వోల్టుల దగ్గర పూర్తి శక్తినిచ్చే రకం. తగిలించింది చవక పీడబ్ల్యూఎం కంట్రోలర్. అది ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది, ఆంపియర్లు మాత్రం పెరగవు. ప్యానెల్‌ను దాని పూర్తి శక్తి దగ్గరే నడిపి, ఎక్కువైన వోల్టేజీని ఆంపియర్లుగా మార్చే ఎంపీపీటీ కంట్రోలర్ పెట్టించాక అదే ఎండలో అదే ప్యానెల్ 18 ఆంపియర్లకు పైగా ఇచ్చింది. అలా కూడా 330 వాట్లు రావు, ఎవరికీ రావు. ఆ అంకె ప్యానెల్ సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. మన మే నెల ఎండకు సెల్ 65 డిగ్రీలు దాటుతుంది. డిగ్రీకి 0.4 శాతం చొప్పున తగ్గుతూ పోతే ఆరో వంతు అక్కడే పోతుంది. ఇక్కడ ఎండ ఎక్కువ కాబట్టి సోలార్ బ్రహ్మాండంగా పనిచేస్తుందనే మాటలో వెలుతురు లెక్క ఉంది, వేడి లెక్క లేదు.

బ్యాటరీ పరీక్ష ఇంకా సులువు. రాత్రి వాడుకున్నాక, పొద్దున ఎండ పడకముందు లోడ్, చార్జింగ్ రెండూ తీసేసి, కొంతసేపు ఆగి మల్టీమీటర్ పెట్టాలి. 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.8 అంటే దాదాపు ఖాళీ. రోజూ సగం కంటే కిందికి పోతుంటే ఆ బ్యాటరీ ఎక్కువ కాలం బతకదు. నీళ్ల విషయంలో నల్లగొండవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి, బోరు నీళ్లు చుక్క కూడా పోయొద్దు. అందులోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. డిస్టిల్డ్ వాటరే పోయాలి.

ఎన్ని గంటలు ఆగుతుందో కాగితం మీదే తేలుతుంది. 12ను 150తో గుణిస్తే 1,800 వాట్ అవర్లు. వాడుకోదగ్గ సగంలో ఇన్వర్టర్ నష్టం పోను 750 దాకా చేతికొస్తాయి. రెండు పాత ఫ్యాన్లు, మూడు ఎల్‌ఈడీ బల్బులు, ఒక టీవీ కలిపి 240 వాట్లు, అంటే మూడు గంటలు. అవే ఫ్యాన్లు తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ రకమైతే ఐదు గంటలు. ఇంకో బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చమని నేను చెప్పేది ఇందుకే. ఇన్వర్టర్ ఏ లోడూ లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 15 వాట్లు తింటే రోజుకు 360 వాట్ అవర్లు, బ్యాటరీలో ఐదో వంతు. బ్యాటరీని ముందు ఎండతో నింపాలా, లైనుతో నింపాలా అని ఇన్వర్టర్‌కు చెప్పే ప్రయారిటీ సెట్టింగ్ కూడా చూడాలి. అది గ్రిడ్ మీద ఉంటే బ్యాటరీ లైను కరెంటుతోనే నిండిపోయి, మర్నాటి ఎండ వృథా అవుతుంది.

ఇప్పుడు లిథియం వంతు వచ్చింది. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది, పెట్టుబడి 9,500 కోట్లన్నారు. ఇళ్లలోకీ ఆ రకం బ్యాటరీలు వస్తున్నాయి. పాత ఇన్వర్టర్‌కు నేరుగా తగిలించే ముందు అందులో లిథియం మోడ్ ఉందో లేదో చూడాలి. వోల్టేజీ చూసి ఎంత నిండిందో చెప్పే పద్ధతి కూడా దీనికి పనికిరాదు. దాని వోల్టేజీ దాదాపు చివరిదాకా కదలదు, లోడ్ పెట్టి గంటలు లెక్కపెట్టాల్సిందే.

కొత్తగా పెట్టించుకునేవాళ్లు మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. మధ్యాహ్నం ప్యానెల్ నుంచి బ్యాటరీకి ఎన్ని వాట్లు వస్తున్నాయి, సాయంత్రం మెయిన్ ఆఫ్ చేస్తే మీ ఫ్యాన్లూ లైట్లూ ఎన్ని గంటలు నడిచాయి, మర్నాడు పొద్దున బ్యాటరీ ఎంత చూపించింది, ఈ మూడూ డీలర్ చేతనే బిల్లు వెనక రాయించి సంతకం పెట్టించుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి.