జైళ్ల చదువు గురించి అడిగారుగా, ఇదిగో

పిల్లలూ,

క్రిమినాలజీ, అంటే నేరాల గురించీ జైళ్ల గురించీ ఉండే చదువు, చేస్తానని బుజ్జి అంటే ఇంట్లో అందరూ గయ్‌మన్నారట, ఆడపిల్లకి జైళ్ల గొడవెందుకని. వాళ్లతో నేను మాట్లాడతాలే, ముందు ఆ చదువులో ఏముందో మీరు తెలుసుకోండి.

సినిమాలు చూసి జైల్లో ఉన్నోళ్లంతా శిక్ష పడ్డవాళ్లే అనుకుంటాం కదా, కానే కాదు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో నూటికి 75 మందికి పైగా కేసు ఇంకా తేలని రిమాండ్ ఖైదీలే. బెయిల్ వచ్చినా షూరిటీ, అంటే పూచీ ఉండే మనిషి, దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లూ ఉంటారు. ములాఖత్ దగ్గర, అదే ఖైదీల్ని ఇంటివాళ్లు కలిసే చోట, కాసేపు నిలబడి వింటే తెలుస్తుంది, కొడుకేమో "ఎవరైనా ఒప్పుకున్నారా అమ్మా" అంటాడు, ఆమె కొంగు నలుపుకుంటూ "పూచీకి పొలం పాస్‌బుక్ ఇవ్వనన్నాడురా ఆయన" అంటుంది, ఇక మాట్లాడ్డానికేం ఉండదు, టైం అయిపోతుంది.

ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ అని, పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టంలో 479వ సెక్షన్ ఉంది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపలే గడిపేస్తే బాండ్ మీద, అంటే పిలిస్తే కోర్టుకొస్తానని రాయించుకుని, వదలాలి, ఉరి, యావజ్జీవం పడే కేసులకీ, ఒకటికి మించి కేసులు ఉన్నవాళ్లకీ ఇది వర్తించదు. ఆ తేదీ లెక్కేసి కోర్టుకి రాయాల్సింది జైలు సూపరింటెండెంట్. చూశారా, ఒక మనిషి బయటికి రావడం ఆఫీసులో ఒకరు లెక్క సరిగ్గా వేయడం మీద ఆధారపడి ఉంది! నా మటుకు నాకు ఈ చదువులో అసలు పని ఇదే, హంతకుడి మనసులో ఏముందో అనేది ఆ తర్వాత.

ఇంకోటి, యావజ్జీవమంటే 14 ఏళ్లే, పగలొక రోజు రాత్రొక రోజుగా లెక్కేస్తారు అని ఎవడన్నా చెప్తే నవ్వి ఊరుకోండి. యావజ్జీవమంటే బతికున్నంత కాలమని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. హత్యలాంటి కేసుల్లో 14 ఏళ్లు నిండకుండా ప్రభుత్వం వదలకూడదు, ఆ అంకె అక్కడిది.

సత్ప్రవర్తన ఉన్నవాళ్లని ఓపెన్ జైళ్లకి పంపిస్తారు, అనంతపురంలో, చర్లపల్లిలో ఉన్నాయి, వ్యవసాయం చేస్తారు. చంచల్‌గూడ దగ్గర బంకులో పెట్రోల్ కొట్టేదీ ఖైదీలే, చాలామందికి తెలీదు.

కోర్సు కావాలంటే ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉంది, మద్రాస్ యూనివర్సిటీ ఉంది. అంతదాకా ఆగలేకపోతే 18 నిండాక పేదలకి ఉచితంగా న్యాయసాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌గా, అంటే లాయరు కాకపోయినా సాయపడే మనిషిగా, చేర్చుకుంటారేమో అడగండి, జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌కి వేస్తే అర్జీలు రాయొచ్చు. చేతిరాత మాత్రం బాగుచేసుకోండ్రా, చింటూగాడిది మరీ ఘోరం.

మీ తాతయ్య