పీరియడ్ లెక్క బతుకులు: కరోనా నాటి విశ్వవిద్యాలయాలపై కొన్ని అపోహలు

నేను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైం లెక్చరర్‌ని. కరోనా కాలంలో మా చదువులు, జీతాలు ఎలా సాగాయన్న దానిపై ఇప్పటికీ కొన్ని మాటలు వినిపిస్తుంటాయి.

అపోహ: తరగతులు ఫోనులోకి మారాయి, చదువు ఆగలేదు.

వాస్తవం: ఆ ఫోను ఎవరిది? పోనీ కంప్యూటర్ ఉందా అంటే, 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం అది ఉన్న ఇళ్లు పట్టణాల్లో 23.4 శాతం, పల్లెల్లో 4.4 శాతమే. మా ఎం.ఏ. విద్యార్థిని ఒకామె పగటి తరగతికి ఒక్కరోజూ రాలేదు. ఫోను ఆటో నడిపే తండ్రి జేబులో ఉండేది. రాత్రి 8 దాటాక ఇంటికి చేరితే ముందు తొమ్మిదో తరగతి తమ్ముడి వంతు. పాఠాలు రికార్డు చేసి పంపుతానంటే, "ఐదేసి నిమిషాల ముక్కలుగా పంపండి సార్, మాకు రోజుకు ఒకటిన్నర జీబీయే" అంది. అన్నీ విని నోట్సు రాసుకుంది. హాజరు పట్టీలో మాత్రం సున్నా. హాస్టల్లో ఉన్నన్నాళ్లు ఆమె, ఒక లాయరు గారి అమ్మాయి ఒకే మెస్సులో తిని, ఒకే లైబ్రరీలో చదువుకునేవారు. హాస్టల్ ఖాళీ చేయించాక ఎవరి ఇంటి పరిస్థితి వారి మార్కుల్లోకి వచ్చి కూర్చుంది.

అపోహ: అధ్యాపకులను ఇంట్లో కూర్చోబెట్టి జీతాలిచ్చారు.

వాస్తవం: నెల జీతం రెగ్యులర్ వారికి. మాకు పీరియడ్ లెక్క. పీరియడ్ లెక్కన పాఠాలు చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్‌కు 1,500 రూపాయలు, నెలకు 50 వేలు మించకుండా ఇవ్వాలని 2019లో యూజీసీ (విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) చెప్పింది. మా దగ్గర ఆ అంకె కాగితం దిగి రాలేదు. 2020 ఏప్రిల్, మే నెలల్లో పీరియడ్లు లేవు, బిల్లులూ లేవు. ఆన్‌లైన్ మొదలయ్యాక క్లాసు జరిగినట్టు స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి జతచేయమన్నారు. జిరాక్సు షాపులు మూసి ఉన్న రోజుల్లో!

అపోహ: ఆ రోజుల్లో ఎవరూ నోరెత్తలేదు.

వాస్తవం: ధర్నాకు కూర్చునే పరిపాలనా భవనం మెట్లు దూరమయ్యాయి, అంతే. చివరి సంవత్సరం పరీక్షలు 2020 సెప్టెంబరు 30లోగా జరపాలన్న యూజీసీ ఆదేశాలపై విద్యార్థులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆగస్టు 28న ఓడిపోయారు. రాష్ట్రాలు గడువు పెంచమని అడగవచ్చు గానీ, పరీక్ష లేకుండా పాస్ చేయడం కుదరదని తీర్పు.

మేమేమో గుంపుగా కలవడానికి వీల్లేక, జీతం బకాయిల కోసం ఒకే అర్జీని ఎవరికి వారు రిజిస్ట్రార్‌కు పోస్టు చేశాం. ఇన్‌వర్డ్ గుమాస్తా ఫోన్ చేసి, "అందరూ కలిపి ఒకటి రాస్తే పోయేది కదా సార్, ముద్రలు వేయలేక చస్తున్నాను" అని వాపోయాడు. నాలుగు నెలల బకాయిలో రెండు నెలలది వచ్చింది.