పెళ్లి జాకెట్టు, తగ్గుతున్న బరువు: అపోహలు - వాస్తవాలు

రాజమండ్రిలో పద్దెనిమిదేళ్లుగా పెళ్లి జాకెట్లు కుడుతున్నాను. ఈమధ్య కొలతలకు వచ్చే పెళ్లికూతుళ్లలో చాలామంది కూర్చోకముందే చెప్పే మాట, "ఆంటీ, డైటింగ్‌లో ఉన్నా, ముహూర్తానికి తగ్గిపోతా" అని. తగ్గడం మంచిదే. ఆ నమ్మకంతో ముందే చేసే కొన్ని పనులే చివరి రోజుల్లో ఏడిపిస్తాయి.

అపోహ: ఎలాగూ తగ్గుతాను కాబట్టి రెండంగుళాలు తక్కువకే కుట్టించుకోవాలి.

వాస్తవం: వద్దు. ఈరోజు టేపు ఎంత చూపిస్తే అంతకే కుట్టించుకోండి. వదులైన జాకెట్టును పక్క కుట్ల దగ్గర లోపలికి తీసుకోవడం అరగంట పని. బిగుతైనదాన్ని వదులు చేయాలంటే లోపల గుడ్డ ఉండాలి కదా. చీరతో వచ్చే జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. అందులో మోచేతుల దాకా చేతులు తీశాక మిగిలేది తక్కువ. దానికి తోడు పట్టు మీద, టిష్యూ మీద కుట్టు విప్పితే సూది గుచ్చిన చుక్కలు వరసగా కనిపిస్తాయి. ఇస్త్రీ చేసినా పూర్తిగా పోవు. లోపలికి తీసుకుంటే ఆ చుక్కలు లోపలే ఉండిపోతాయి. బయటికి వదిలితే చంక కింద గీతలా పడతాయి.

కొన్నేళ్ల కిందట ఒకమ్మాయి 38 ఛాతీకి 35 పెట్టమని పట్టుబట్టింది. నేనూ సరేనన్నాను. పెళ్లి నాలుగు రోజులుందనగా వేసి చూస్తే హుక్కులు అందలేదు. మూడు నెలల్లో తను తగ్గింది, కానీ అంగుళమే. ఆ రాత్రి రెండు పక్కలా విప్పి, అంచు రంగు గుడ్డతో పట్టీలు వేశాను. ఫొటోల్లో తెలియలేదు. కానీ పట్టీ వేస్తుంటే "నేను ఇంకా తగ్గాల్సింది ఆంటీ" అన్న ఆ పిల్ల గొంతు నాకింకా గుర్తుంది. తప్పు ఆమె ఒంటిది కాదు, ఆ కొలత రాసుకున్న నాది. తర్వాత ఎవరు అడిగినా తక్కువకు కుట్టలేదు.

మీరు అడగాల్సింది ఒకటుంది. ముందు భాగానికీ వెనక భాగానికీ రెండు పక్కలా అంగుళంన్నర చొప్పున గుడ్డ వదలమనండి, లైనింగుకు కూడా. అందులో అంగుళం చొప్పున విప్పినా చుట్టుకొలత నాలుగంగుళాలు పెరుగుతుంది. అవసరం పడకపోవచ్చు, కానీ ఉంటే ధైర్యం.

అపోహ: మగ్గం వర్క్ చేశాక ఇంకేమీ మార్చలేం.

వాస్తవం: ఎక్కడ మార్చాలన్నదాన్ని బట్టి ఉంటుంది. మగ్గం వర్క్‌ను గుడ్డ కత్తిరించకముందే చట్రానికి బిగించి చేస్తారు. మెడ, చేతుల అంచు గీతలన్నీ అప్పుడే పడిపోతాయి. వర్క్ నిండిన మెడను తర్వాత చిన్నది చేయలేం. అయితే మీరు తగ్గినా భుజం ఎముకల వెడల్పు మారదు. మారేవి ఎక్కువగా ఛాతీ, నడుము, చేతి కండ. అవన్నీ పక్క కుట్లలో సర్దుకునేవే. అందుకే డిజైన్ గీయించేటప్పుడే పక్క కుట్టుకు రెండంగుళాల ముందు జర్దోసీ, పూసలు ఆపేయమనండి. చేతుల కింద కుట్టు వచ్చే చోట కూడా అంతే. పూస మీద మిషన్ సూది పడితే రెండిట్లో ఏదో ఒకటి విరుగుతుంది. మీ వర్క్‌కు వాడిన రకం పూసలు, జరీ కొంచెం అడిగి ఇంట్లో దాచుకోండి, ఊడితే మళ్లీ కుట్టుకోవచ్చు.

తగ్గించాల్సింది చుట్టుకొలతలో రెండంగుళాల దాకా అయితే పక్క కుట్లతో సరిపోతుంది. అది దాటితే చంక లాగుతుంది, డాట్స్ (ఛాతీ దగ్గర ఆకారం కోసం వేసే మడత కుట్లు) చోటు తప్పుతాయి. అప్పుడు చేతులు ఊడదీసి, డాట్స్ మార్చి, మళ్లీ ఎక్కించాలి. పెళ్లి ముందు రోజు ఆ పని పెట్టుకోలేం.

అపోహ: ఆది జాకెట్టు ఇస్తే చాలు.

వాస్తవం: మెడ లోతుకు, పొడవుకు ఆది పనికొస్తుంది. ఛాతీకి, చేతులకు కాదు, అది మీ పాత ఒంటిది. అమెరికాలో ఉండే అమ్మాయిల ఆది జాకెట్టు వాళ్లమ్మగారు తెచ్చి ఇస్తుంటారు. నేను వీడియో కాల్‌లో టేపు పెట్టించి మళ్లీ చూసుకుంటాను. ఎన్ని కిలోలు తగ్గారో చెబితే నాకు లెక్క తెలియదు, అంగుళాలు కావాలి.

అపోహ: చీరకు కొలత లేదు, టెన్షన్ లేదు.

వాస్తవం: మామూలు చీరకు నిజమే, ఒక కుచ్చిళ్ల మడత ఎక్కువొస్తుంది, అంతే. ముందే కుచ్చిళ్లు కుట్టేసిన చీర, బిగుతు షేప్‌వేర్ లంగా, వడ్డాణం మాత్రం నడుము కొలత మీదే ఉంటాయి. వడ్డాణం చేయించేటప్పుడే వెనక కొక్కేనికి బిగించుకునే వీలు పెట్టించండి.

అపోహ: చివరి పదిరోజులు జ్యూసులతో ఉంటే జాకెట్టు చక్కగా కూర్చుంటుంది.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గితే మంచిదని డాక్టర్లు చెబుతారు. హడావిడిగా తగ్గేదాంట్లో ఎక్కువ భాగం నీరే, తిండి మొదలుపెట్టగానే తిరిగొస్తుంది. పైగా చాలా ఇళ్లలో పెళ్లికూతురు ముహూర్తం దాకా ఉపవాసం ఉంటుంది. ఆ ముహూర్తం అర్ధరాత్రి దాటాక కావచ్చు. ముందే నీరసపడ్డ పిల్ల, బరువైన పట్టుచీరలో, హోమం పొగలో అంతసేపు ఎలా కూర్చుంటుంది? జాకెట్టును నేను సరిచేస్తాను, మీరు అన్నం తినండి.

ఆఖరి ట్రయల్ పెళ్లికి పది రోజుల ముందు పెట్టుకోండి. నెలసరి ముందు కొందరికి ఒళ్లు ఉబ్బుతుంది, తేదీలు చూసుకోండి. పెళ్లిరోజు వేసుకునే బ్రానే వేసుకురండి. అద్దం ముందు నిలబడి చూసుకుంటే చాలదు. నా దగ్గర ఒక పీట ఉంది, దాని మీద కూర్చోబెడతాను. జీలకర్ర బెల్లం పెట్టినట్టు కుడి చేయి ఎత్తమంటాను, తలంబ్రాలు పోసినట్టు రెండు చేతులూ ఎత్తమంటాను. చంక దగ్గర పట్టినా, హుక్కుల మధ్య సందు కనిపించినా అక్కడే చెప్పేయండి. మధుపర్కాల మీదికి వేసుకునే జాకెట్టు కూడా ఆరోజే తెచ్చుకోండి, అందరూ మర్చిపోయేది దాన్నే.