చింపాంజీలను చూడాలంటే 12 ఏళ్లు నిండాలట!

చిన్నూకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మిమ్మల్ని వదిలేసి నేనొక్కణ్నే ఉగాండా వెళ్లి చింపాంజీలను చూసొచ్చానని ఇద్దరూ అలిగి కూర్చున్నారట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అలగడంలో న్యాయం ఉంది గానీ, అడ్డుపడింది నేను కాదర్రా. కిబాలే నేషనల్ పార్కులో చింపాంజీల దగ్గరికి వెళ్లాలంటే 12 ఏళ్లు నిండాలి. పిల్లలు అడవిలో అన్ని గంటలు నడవలేరన్నది ఒక కారణం. రెండోది మీరు ఊహించలేరు. మీ జలుబు వాటికి అంటుకుంటుందని!

నవ్వకండి. 2013లో ఆ అడవిలోనే కన్యవారా అనే చోట ఉండే 56 చింపాంజీల గుంపులో దగ్గులు మొదలై, ఐదు చనిపోయాయి. చనిపోయిన ఒక పిల్ల చింపాంజీని పరీక్షిస్తే రైనోవైరస్ సి అనే వైరస్ బయటపడింది. మనింట్లో పిల్లలకు ముక్కు కారించి, నాలుగు రోజులు బడి మాన్పించే రకమే అది. మన ఒంట్లోకీ వాటి ఒంట్లోకీ అది దూరే దారి ఒకటే. తేడా ఏమిటంటే, మనం తరతరాలుగా ఆ జబ్బుతో కాపురం చేస్తున్నాం, వాటికది కొత్త.

అందుకే అక్కడ అంత పట్టుదల. మూతికి మాస్కు, మధ్యలో పది మీటర్ల దూరం, చూడ్డానికి ఒక్క గంట. దగ్గుతూ వచ్చినవాణ్ని, ఎంత డబ్బు కట్టినా లోపలికి రానివ్వరు. తిరుమల ఘాట్ రోడ్డులో కారు అద్దం దించి కోతులకు అరటిపళ్లు విసిరే అలవాటు ఉంది చూడండి మనకి, అది అక్కడ చెల్లదు. మనిషి చేతి తిండికి మరిగిన జంతువుకు చివరికి దెబ్బలే మిగులుతాయి. ఇది మన కోతులకూ వర్తిస్తుంది, మీ నాన్నకు చెప్పండి.

ఇక అడవి సంగతి. ఫోర్ట్ పోర్టల్ అనే ఊరు దాటి, తేయాకు తోటల మధ్య నుంచి వెళ్తే కన్యాంచు వస్తుంది. నడక మొదలయ్యేది అక్కడే. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపమన్నారు. ఎందుకో కాసేపటికి తెలిసింది, దారికి అడ్డంగా చీమల బారు! రేంజర్ భుజాన తుపాకీ ఉంది. చింపాంజీల కోసం కాదు, ఏనుగులు ఎదురైతే గాల్లోకి కాల్చి బెదరగొట్టడానికి.

చింపాంజీలను కళ్లతో కాదు, చెవులతో వెతకాలి. ముందు ఎక్కడో "హూ... హూ..." అని మెల్లగా మొదలై, పెరిగి పెరిగి కేకలయిపోతుంది. తర్వాత ధబధబమని చప్పుడు. అక్కడి మహావృక్షాల మొదళ్లలో వేళ్లు పలకల్లా పైకి లేచి ఉంటాయి. వాటిని కాళ్లతో తన్ని మోగిస్తాయి మగ చింపాంజీలు, నేనిక్కడున్నాను అని మిగతావాటికి తెలియజెయ్యడానికి. ఆ శబ్దం నా గుండెల్లో మోగిందంటే నమ్మండి.

మేం చూసినప్పుడు ఒక పెద్ద మగది అంజూర చెట్టు కింద కూర్చుంది. మన మేడి, మర్రి, రావి చెట్ల కుటుంబమే అది. పళ్లను నోటినిండా కుక్కుకుని, కింది పెదవిని దోసిలిలా ముందుకు చాపి, పిప్పిని అందులో పెట్టి నొక్కి నొక్కి రసం పీలుస్తోంది. మనం చెరుకు ముక్క నమిలినట్టే. మధ్యమధ్య ఆ పిప్పిని పెదవి మీదికి తెచ్చుకుని, తల వంచి ఇంకా రసముందా అని చూసుకుంటుంది! అయిపోయాక ఉమ్మేసి లేచింది. మావైపు కన్నెత్తి చూడనేలేదు. మనిషి కనిపిస్తే పారిపోకుండా వాటిని అలవాటు చెయ్యడానికి ఏళ్లు పడుతుందట.

పాపం సాధు జంతువులు అనుకునేరు. ఎర్ర కొలోబస్ అనే కోతుల్ని గుంపుగా తరిమి వేటాడి తింటాయి. ఆ అడవిలోనే ఎన్‌గోగో అనే చోట దాదాపు 200 చింపాంజీల గుంపు ఉండేది, అంత పెద్ద గుంపు ప్రపంచంలో మరెక్కడా తెలియదు. అదీ రెండుగా చీలి, నిన్నటిదాకా కలిసి తిరిగినవే ఒకదాన్నొకటి చంపుకున్నాయి. అయినా వాటికి మనుషుల వల్ల జరిగేదే ఎక్కువ బాధ పెడుతుంది నాకు. చిన్న దుప్పుల కోసం వేటగాళ్లు పెట్టే తీగ ఉచ్చుల్లో చింపాంజీల చేతులు ఇరుక్కుని, వేళ్లు తెగి, మణికట్లు వంకరపోతాయి. ఆ ఉచ్చుల్ని వెతికి తీసెయ్యడానికే కొంతమంది రోజూ అడవంతా గాలిస్తుంటారు.

చిన్నూకి వచ్చే ఏడు 12 నిండుతాయి కాబట్టి వాడు నాతో రావచ్చు. బుజ్జీ, ఏడవకు. పార్కు పక్కనే బిగోడి అని చిత్తడి నేల ఉంది, ఊరివాళ్లే నడుపుతారు. నువ్వూ అమ్మమ్మా అక్కడ తిరిగితే కోతులు కనిపిస్తాయి, అదృష్టం బాగుంటే పెద్ద నీలి టురాకో పిట్ట కూడా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే అందరూ ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. నాకు అక్కర్లేదు, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. సూదంటే భయపడేవాళ్లు ఎవరో ఇప్పుడే చెప్పెయ్యండి.

మీ తాతయ్య