పొలుసుల జబ్బుకు రక్తపరీక్ష ఎందుకు వచ్చింది?

కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలో నలిగిన మాట సీఆర్‌పీ. ఎవరైనా ఆస్పత్రిలో చేరారంటే ఆక్సిజన్ ఎంతుంది, సీఆర్‌పీ ఎంతొచ్చింది అని ఫోన్ చేసి వాకబు చేసేవాళ్లం. ఆ పరీక్షనే కొందరు డాక్టర్లు సోరియాసిస్ ఉన్నవాళ్లకూ రాస్తుంటారు. చర్మం మీద పొలుసులు రాలుతుంటే రక్తం తీయడం ఎందుకని చీటీ చేతికొచ్చిన మనిషికి అనుమానం రావడం సహజం. దాని వెనక చాలా కథ ఉంది.

లండన్ వైద్యుడు రాబర్ట్ విలన్ 19వ శతాబ్దం తొలి ఏళ్లలోనే ఈ జబ్బును వివరంగా వర్ణించాడు. అయితే పొలుసుల జబ్బుల వర్గీకరణలో 'లెప్రా' (కుష్ఠును గుర్తుచేసే మాట) అన్న పేరు వాడటంతో కుష్ఠుతో కలగాపులగం పోలేదు. రెండూ వేరని 1841లో వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా గట్టిగా తేల్చాడు. శాస్త్రం ఆ ముడి విప్పి 180 ఏళ్లు దాటినా, సోరియాసిస్ ఉన్న మనిషి పక్కన కూర్చోవడానికి జంకేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇది అంటుకునే జబ్బు కాదని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

సీఆర్‌పీ పుట్టుక వేరే చోట. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తం మీద పని చేస్తున్నారు. న్యుమోనియా బ్యాక్టీరియా నుంచి తీసిన 'సి' అనే పదార్థాన్ని రోగి సీరంలో (రక్తం గడ్డకట్టాక తేరుకునే ద్రవంలో) కలిపితే తెల్లగా పేరుకుంటోంది. జబ్బు తగ్గాక తీసిన సీరంలో ఏమీ పేరుకోవడం లేదు. ఆ 'సి'తో కలిసే ప్రొటీన్ కాబట్టి సి-రియాక్టివ్ ప్రొటీన్ అన్న పేరు స్థిరపడింది. న్యుమోనియాకే పరిమితమైనది కాదని తర్వాత తెలిసింది. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ (వాపు, ఎరుపు, వేడి పుట్టించే రోగనిరోధక స్పందన) రాజుకున్నా, ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్ కబురు అందుకుని కాలేయం దీన్ని గంటల్లోనే రక్తంలోకి వదులుతుంది.

సోరియాసిస్ మూలం చర్మం కంటే లోతున ఉందన్న సూచన మాత్రం ల్యాబ్ పరీక్షల నుంచి రాలేదు. అనుకోకుండా ఒక మందు నుంచి వచ్చింది. అందులో మనవాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలో, ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అక్కడ తయారయ్యాయి. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో అమైనోప్టెరిన్ పనిచేసిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. మూడేళ్లకు, 1951లో, కీళ్లవాతానికి అమైనోప్టెరిన్ ఇచ్చి చూస్తున్న గబ్నర్ బృందం ఒక వింత గమనించింది: సోరియాసిస్ ఉన్న రోగికి చర్మం మీది మచ్చలూ తగ్గిపోతున్నాయి. మెథోట్రెక్సేట్‌ను సోరియాసిస్‌కు ఈనాటికీ వాడుతున్నారు. ఈ ఫలితం చూడటానికి సుబ్బారావు లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

1979లో సైక్లోస్పోరిన్‌తోనూ ఇలాగే జరిగింది. అవయవ మార్పిడిలో రోగనిరోధక శక్తిని అణచడానికి వాడే ఆ మందుకు కూడా సోరియాసిస్ లొంగింది. గొడవంతా చర్మకణాలదే అయితే ఈ మందుకు ఎందుకు లొంగాలి? చూపు రోగనిరోధక కణాల మీదికి, అవి ఒకదానికొకటి పంపుకునే ప్రొటీన్ కబుర్ల మీదికి మళ్లింది. టీఎన్ఎఫ్, ఆ తర్వాత ఇంటర్‌ల్యూకిన్-17, 23 అనే కబురు ప్రొటీన్లు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. వాటిని అడ్డుకునే ఇంజెక్షన్లే ఇప్పుడు మనం బయొలాజిక్స్ అంటున్నవి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1997 నాటిది. జర్మనీలోని కీల్‌లో పరిశోధకులు సోరియాసిస్ రోగుల ఒంటి నుంచి రాలిన పొలుసులనే పోగుచేసి, అందులోంచి బీటా-డిఫెన్సిన్-2 అనే ప్రొటీన్‌ను వేరుచేశారు. ఇది సూక్ష్మజీవులను చంపే ప్రొటీన్. దురదకు గోకి గోకి చర్మం చిట్లినా సోరియాసిస్ మచ్చలు అంత తేలిగ్గా చీము ఎందుకు పట్టవన్న ప్రశ్నకు ఒక జవాబు ఊడ్చి పారేసే పొలుసులోనే దొరికింది. ఈ ప్రొటీన్ రక్తంలోకీ చేరుతుందని, ఇంటర్‌ల్యూకిన్-17 ఉద్ధృతిని బట్టి దాని మోతాదు మారుతుందని తర్వాతి పరిశోధనలు చూపాయి.

ఇక గుండె సంగతి. బ్రిటన్‌లోని ఫ్యామిలీ డాక్టర్ల రికార్డులను జల్లెడ పట్టి, సోరియాసిస్ ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు ఎక్కువని జోయెల్ గెల్ఫాండ్ బృందం 2006లో ప్రచురించింది. జబ్బు తీవ్రంగా ఉన్న చిన్న వయసువాళ్లలో ఆ తేడా మరీ ఎక్కువగా కనిపించింది. సన్నని మోతాదులను కూడా పట్టే హెచ్ఎస్-సీఆర్‌పీ పరీక్ష అప్పటికే గుండె ముప్పు అంచనాకు వాడుకలో ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ అని 2003లో అమెరికాలో హద్దులు గీశారు. సోరియాసిస్ దారి, సీఆర్‌పీ దారి రెండూ అలా గుండె దగ్గర కలిశాయి.

అయితే ఈ అంకెను పట్టుకుని బెంబేలెత్తకూడదు, ధీమా పడకూడదు కూడా. పంటికి చీము పట్టినా, జ్వరం వచ్చినా సీఆర్‌పీ పెరుగుతుంది. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు కూడా ఇంటర్‌ల్యూకిన్-6ను వదులుతుంది కాబట్టి, పెరిగిన అంకెలో సోరియాసిస్ వాటా ఎంత, ఒంటి బరువు వాటా ఎంత అని విడదీయడం కష్టం. జబ్బు స్వల్పంగా ఉన్న చాలామందిలో అది మామూలుగానే ఉంటుంది. సోరియాసిస్‌ను డాక్టర్ ఇప్పటికీ ప్రధానంగా కంటితో చూసే గుర్తిస్తారు, అనుమానముంటే చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షిస్తారు. కీళ్లకు పాకిన సోరియాసిస్‌లోనూ ఈఎస్‌ఆర్ (ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే మరో రక్తపరీక్ష), సీఆర్‌పీ రెండూ నార్మల్‌గా రావచ్చు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుని అరగంట దాకా సడలకపోతే, రిపోర్టులో ఏమున్నా సరే, ఆ మాట డాక్టర్ చెవిన వేయాల్సిందే.