చికోరీ: వేరులో దాగిన ఇనులిన్

హనుమకొండ కిరాణా దుకాణంలో దొరికే ఫిల్టర్ కాఫీ పొడి పొట్లాన్ని తిప్పి చూస్తే, కాఫీ ఇంత శాతం, చికోరీ ఇంత శాతం అని ముద్రించి ఉంటుంది. చికోరీ అంటే ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. మన ఆహార ప్రమాణాల ప్రకారం ఈ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, రెండింటి పాళ్లనూ పొట్లం మీద తెలపాలి. కాబట్టి చికోరీని కల్తీ సరుకుగా జమకట్టడం న్యాయం కాదు; పాళ్లు దాచి అమ్మినప్పుడే అది కల్తీ అవుతుంది.

కాఫీ చెట్టుతో దీనికి చుట్టరికం లేదు. సికోరియం ఇంటిబస్ అనే ఈ మొక్క పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. బతుకమ్మలో పేర్చే పూలలో తంగేడు, గునుగు వేరే కుటుంబాలవి గాని, బంతీ చేమంతీ దీనికి దాయాదులే. పొలం గట్ల మీద ప్రబలే వయ్యారిభామ కూడా ఈ కుటుంబంలోనిదే కనుక, ఆ కలుపు తగిలితే దద్దుర్లు లేచేవారు చికోరీ ఆకును ముట్టుకునేటప్పుడు జాగ్రత్తగా ఉండటం మంచిది. లేత నీలి రంగులో ఉండే చికోరీ పూలు ఉదయం విచ్చుకొని, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి.

పంటగా వేసేవారికి మాత్రం పువ్వుతో పని లేదు. యూరప్‌లో వేరు కోసం పెంచే రకాలు తొలి ఏడాది నేలకు ఆనుకొని ఆకులను, వాటి కింద లావాటి తల్లివేరును పెంచుకుంటాయి. చలికాలం గడిచి పగళ్లు పెరిగాకనే కాడ వేసి పూస్తాయి. ఆ పూతకు కావలసిన శక్తిని మొక్క పిండి (స్టార్చ్)గా కాక, ఫ్రక్టోజ్ అనే చక్కెర అణువుల గొలుసైన ఇనులిన్‌గా దాచుకుంటుంది. పచ్చి వేరు బరువులో అది సుమారు 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. చికోరీ ఉపయోగాలలో చాలావరకు ఈ నిల్వ మీద ఆధారపడినవే.

వేరును కడిగి, ముక్కలుగా తరిగి, ఎండబెట్టి వేయించినప్పుడు ఇనులిన్ గొలుసులు కొన్ని తెగి చక్కెరలవుతాయి. ఆ చక్కెరలు వేడికి ముదురు గోధుమ రంగునూ మాడిన బెల్లం వంటి వాసననూ ఇస్తాయి. కెఫీన్ ఇందులో బొత్తిగా లేదు. కాఫీ పొడి కంటే ఇది నీటిలో ఎక్కువగా కరుగుతుంది కనుక డికాక్షన్ చిక్కగా, నల్లగా దిగుతుంది. గ్లాసెడు చల్లని నీటి మీద పొడిని చల్లితే కాఫీ పైన తేలుతుంది, చికోరీ రంగు చారలు విడుస్తూ అడుగుకు దిగుతుంది. ఇంట్లో ఎవరైనా చేసి చూడవచ్చు. 1806లో నెపోలియన్ బ్రిటన్ వ్యాపారంపై విధించిన దిగ్బంధం వల్ల యూరప్‌లో కాఫీ కరువై, ఈ వేరు పొడికి గిరాకీ పెరిగింది.

వేయించని వేరు నుంచి తీసిన ఇనులిన్‌ది మరో దారి. దాన్ని తెంచే ఎంజైములు మన చిన్న పేగులో లేవు కనుక అది చెక్కుచెదరకుండా పెద్ద పేగుకు చేరి, అక్కడ ఉండే బైఫిడోబాక్టీరియా అనే మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఉల్లి, వెల్లుల్లిలోనూ ఇది ఉంటుంది. పీచు కోసం దీన్ని బిస్కెట్లలో, పెరుగులో కలుపుతున్నారు. మోతాదు మించితే కడుపు ఉబ్బరం తప్పదు. వేపుడులో ఇనులిన్ కొంత తరిగిపోతుంది కాబట్టి కప్పు కాఫీని పేగులకు ఔషధంగా చెప్పుకోవడం అతిశయోక్తి. బెల్జియంలో మరో పద్ధతి ఉంది: తవ్వి తీసిన వేర్లను చీకటిలో ఉంచితే, ఆ నిల్వతోనే చేదు తగ్గిన తెల్లని మొగ్గలు వస్తాయి, వాటిని కూరగా వాడతారు. యునానీ వైద్యంలో కాస్నీ పేరుతో విత్తనాలు, వేరు చిరకాలంగా వాడుకలో ఉన్నాయి.

మన దేశంలో దీని సాగు ప్రధానంగా గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో, చలికాలపు పంటగా సాగుతోంది. వరంగల్ వైపు యాసంగిలో ప్రయత్నించదలచినవారు ముందు నేలను చూసుకోవాలి. వేరు సూటిగా దిగాలంటే లోతైన, గుల్లగా ఉండే నేల కావాలి. బరువైన రేగడిలో వేరు చీలుతుంది, తవ్వి తీయడమూ కష్టం. లోతున్న చల్క నేలలు కొంత మేలు. అడగకుండానే చికోరీ పొలానికి వచ్చే దారీ ఒకటుంది. పాడి పశువుల మేతకు వేసే బర్సీం విత్తనాల్లో దీని గింజలు కలుపుగా కలిసి వస్తాయి. ఆ విత్తనాలను 10 శాతం ఉప్పు నీటిలో పోస్తే చికోరీ గింజలు పైకి తేలుతాయి. వాటిని తీసివేసి, అడుగున ఉన్న విత్తనాన్ని మంచి నీటితో బాగా కడిగి విత్తుకోవాలి.